ఆడ చిమ్మటల పెట్టె

మ్యూజియం తలుపులు తీయగానే అటెండరు చేసే మొదటి పని, పెట్టెల్లోంచి బయటికొచ్చిన పురుగుల్ని ఏరి మళ్ళీ గుండుసూదులకు గుచ్చడం. ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట చచ్చినవైనా సరే, కాళ్ళు పట్టేసినప్పుడు కాసేపు అటూ ఇటూ తిరిగొస్తాయి. గుమ్మం దాకా వెళ్ళినవాటిని పట్టకారుతో తెచ్చి, "ఇంక చాల్లే, పదండి" అని కసురుతాడు. తర్వాత నేల మీద రాలిన రెక్కల పొడి ఊడ్చి, పెట్టెల్లో కొత్త కలరా ఉండలు వేస్తాడు.

ఆ రోజు ఒక పెట్టె ముందు ఆగిపోయాడు. "అక్కా, 'తెలియని పురుగు' పెట్టె మళ్ళీ ఖాళీ. అన్నీ పోయి కొండ చిమ్మటల పక్కన కూర్చున్నాయి."

బొమ్మలు వేసే ఆవిడ కాగితం మీంచి తలెత్తలేదు. "అక్కడే గుచ్చెయ్యి. అవి వాటి మొగుళ్ళే."

మగ కొండ చిమ్మట అందరికీ తెలిసిందే. బూడిదరంగు రెక్కలు, వాటి మీద నల్లటి అలల గీతలు, దువ్వెన పళ్ళలాంటి మీసాలు. కొండ మీద మంచు కరిగే మూడు వారాలే, అదీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఎగురుతుంది. ఆడదాన్ని ఎవరూ చూడలేదని పుస్తకాల్లో రాసుకున్నారు. చూశారు, చూడకేం! ఒళ్ళంతా బొచ్చు, బానపొట్ట, రెక్కలుండాల్సిన చోట మొండి ముక్కలు. ఇదేం చిమ్మటని వేరే పెట్టెలో పడేసి చీటీ అంటించారు. ఎగరలేనిదానికి పేరు కూడా ఎందుకనుకున్నారు ఆ మహానుభావులు.

కొండ మీంచి ఒకచోట గుత్తిగా ఉన్న గుడ్లు తెచ్చి, గొంగళిపురుగుల్ని సబ్బుపెట్టెల్లో పెంచింది ఈ బొమ్మలావిడే. గూళ్ళకు చలి తగలాలి, అదీ రెండు చలికాలాలు. వంటింటి కిటికీ మూస్తే ఒట్టు. "నీ పురుగుల కోసం నేను గడ్డకట్టుకుపోవాలా?" అని అత్తగారు ఉన్ని టోపీ పెట్టుకునే కూరలు తరిగింది గానీ, కిటికీ జోలికి మాత్రం పోలేదు. చివరికి ఒకే తల్లి గుడ్ల నుంచి వచ్చిన గూళ్ళలో సగం రెక్కలవీ, సగం మొండివీ బయటికొచ్చాయి.

పరుగున వెళ్ళి మ్యూజియం పెద్దసారుకి చూపించింది. ఆయన భేష్ అన్నాడు. ఎనిమిది రోజులకు తయారైన నివేదికలో పరిశోధన ఆయనది. అడుగున చిన్న అక్షరాల్లో, 'బొమ్మలు: సిబ్బంది.'

"సార్, వీటిని పెంచింది నేను."

"కాదన్నానా? కానీ నువ్వు బొమ్మలు వేసుకునేదానివి. నీ పేరు మీద పంపితే ఎవరు నమ్ముతారమ్మా? మంచిపేరు మ్యూజియానికే కదా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "మంచిపేరు మ్యూజియానికైతే, మీ పేరెందుకు రాశారు?"

"వెళ్తూ తలుపు వేసుకెళ్ళు."

వేసింది. గోడ మీది గడియారం ఊడి పడేలా వేసింది.

ఆ మధ్యాహ్నమే నివేదిక ఖాయం చెయ్యడానికి కమిటీ వచ్చింది, ఒక పెద్దావిడ, ఆమె వెంట ఒక గుమాస్తా. పెద్దావిడ సంతకం పడిందంటే ఆ పని ఇక పెద్దసారుదే, ఎవరు ఎంత మొత్తుకున్నా మారదు. గోడకి ఆనుకుని నిలబడ్డ బొమ్మలావిడ పళ్ళు నూరుతూ వింటోంది.

"రెండు చలికాలాలు వీటిని కంటికి రెప్పలా కాచుకున్నానండీ," అన్నాడు పెద్దసారు.

బల్ల మీది పెట్టెలోని ఆడ చిమ్మటలు లేచాయి. ఎగరలేవు కదా, నడిచే వచ్చాయి. బల్ల కోడు మీంచి దిగి, నేల మీద బారులు తీరి, పెద్దసారు నిగనిగలాడే బూట్లను చుట్టి దాటి, బొమ్మలావిడ చేతుల మీదికి పాకాయి. వాటి వాసన పట్టుకుని కిటికీలోంచి కొండ మీది మగ చిమ్మటలు వచ్చిపడ్డాయి. భుజాలు, జుట్టు, మెడ, ఎక్కడ చోటుంటే అక్కడ వాలాయి. పెద్దసారు కూడా చెయ్యి చాపి చూశాడు. ఒక్కటీ వాలలేదు.

"కిటికీ కాస్త మూయవయ్యా, కాగితాలు ఎగురుతున్నాయి," అంది పెద్దావిడ అటెండరుతో. కళ్ళద్దాలు సర్దుకుని నివేదికలో ఒక పేరు కొట్టేసింది. "అయితే పెంచింది ఈ అమ్మాయన్నమాట."

"ఇద్దరి పేర్లూ వేసేద్దాం లెండి," అన్నాడు పెద్దసారు నవ్వు పులుముకుని.

"ఈయనేం చేశారమ్మా?"

పోనీలే అనేస్తుందని అందరూ ఆమె వైపు చూశారు. ఆమె కోపం ఆవగింజంతైనా తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

"కొండెక్కడానికి ఏడుసార్లు సెలవడిగాను. ఏడుసార్లూ ఇవ్వలేదు. ఆదివారాలు ఎక్కాను. అది కూడా రాయండి."

"ఏడేనా?"

"ఏడు."

పెద్దావిడ ఆ ముక్క ఉన్నదున్నట్టు రాసి, కాగితం పెద్దసారు వైపు తిప్పి, కలం అందించింది. "సెలవులు మీ చేతిలోనివే కదా. సరిగ్గానే ఉందని ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన పెట్టాడు.