ఎల్లాజీ మావ టిక్కుల డబ్బా

మా ఎల్లాజీ మావ చేతులు ఊరికే ఉండేవి కావు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. కాశీబుగ్గలో రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. బాగుపడి బయటికొచ్చినవాటికంటే విప్పి పరిచినవే ఎక్కువని నాన్న ఎగతాళి చేసేవాడు. కానీ తుపానుకి స్తంభాలన్నీ పడిపోయినప్పుడు, పాత బ్యాటరీకి మావ తగిలించిన ట్యూబులైటే మా వీధంతటికీ దిక్కయింది. అప్పట్నుంచీ అమ్మకి తమ్ముడి మాట వేదవాక్కు. అదే మా కొంప ముంచింది.

మాది సంతబొమ్మాళి అవతల, జీడితోటల మధ్య ఊరు. సముద్రం దగ్గరే అయినా మా పెరటి బావి నీళ్లు తియ్యగా ఉండేవి. అమ్మకి ఆ బావంటే ఎంత గర్వమో! నాన్న టెక్కలి వెళ్తే క్యానులో ఆ నీళ్లే పోసి పంపేది. "బయట నీలు తాగినావంటే నాకు తెలిసిపోద్ది" అని బెదిరించేది. తోట నుంచి రాగానే నాన్న గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేవాడు. అమ్మ చెంబు అందించేది. పైకి ఒకరినొకరు దెప్పుకోవడమే తప్ప వాళ్లు ప్రేమగా మాట్లాడుకోగా నేను వినలేదు. వాళ్ల ప్రేమంతా ఆ చెంబే అని నాకు తర్వాత తెలిసింది.

మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు ఎన్ని ఇళ్లు తిరిగిందో అందరికీ తెలుసు. ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ తేల్చలేదు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండన్నారు. మా ఇంటికీ వచ్చింది. నాన్న కాళ్లు వాచాయి. విశాఖ తీసుకెళ్తే డాక్టరు చూసి, ఇకమీదట నీళ్లు కూడా కొలిచి తాగాలన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మావ విశాఖలో పాతసామాన్ల కొట్టునుంచి ఒక గాజు గొట్టం తెచ్చుకున్నాడు. కంటికి కనబడని కిరణాలు తగిలితే అది టిక్కుమంటుందట. ఎమర్జెన్సీ లైటు విప్పి, ఆ సరుకుతోనే దానికి కరెంటు అమర్చి, టిఫిను డబ్బాలో బిగించాడు. దేని దగ్గరా పెట్టకపోయినా ఉండుండి ఒక టిక్కు వినబడేది. అది గాల్లో ఎప్పుడూ ఉండేదేనని మావ చెప్పేవాడు. చీకట్లో ముళ్లు మెరిసే తాతయ్య గడియారం దగ్గర పెడితే టిక్కులు జోరందుకునేవి. పెట్రోమాక్స్ లైటులో వెలిగే గుడ్డ తిత్తి, ఆ మేంటిల్ దగ్గరైతే ఇక చెవులు మూసుకోవలసిందే. ఊళ్లో జనం నోళ్లు తెరిచి చూసేవాళ్లు. మావ మీసం మెలేసేవాడు.

"బావకి ఈ జబ్బు ఏటివల్ల వచ్చిందో నాను తేల్సీత్తాను" అంటూ ఒకరోజు డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. గొప్పకి రాలేదు. బావంటే ప్రాణం, అందుకే వచ్చాడు. ఆ మాట నేను ఎప్పుడైనా ఒప్పుకుంటాను.

వంటింటి మూల మంచినీళ్ల కుండ ఉండేది. దాని కింద నల్ల ఇసుక తిన్నె. పెళ్లయిన కొత్తలో భావనపాడు ఒడ్డున ఆ ఇసుక మెరుపు చూసి అమ్మ ముచ్చటపడితే, నాన్న సైకిలు మీద బస్తాకెత్తి తెచ్చాడట. తడి ఇసుక మీద కుండ చల్లగా ఉంటుంది. కదిపితే పగులుతుందని అమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మావ కూడా ముట్టుకోలేదు. డబ్బా తెచ్చి కుండ పక్కన పెట్టాడంతే.

డబ్బా ఆగకుండా టిక్కుమంది.

బావి గట్టు మీద పెడితే మళ్లీ మామూలే. "నీలు లోతుగున్నాయి, పైకి తెలీదు" అన్నాడు మావ. తెలివంటే అదీ!

"అప్పా, ఉన్నదంతా ఈ నీల్లోనే ఉంది. ఇంక ఎవులూ తాగొద్దు" అని అక్కకి చెప్పాడు.

అమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "ఇన్నాళ్లూ నా సేత్తోనే పోసినాన్రా" అంది.

ఆ రోజే బావి మీద తాటాకు తడక పడింది. తాగడానికి క్యాన్లు కొన్నాం, వాడకానికి పక్కతోట బోరింగు నుంచి మోశాం. అమ్మ మళ్లీ నాన్నకి తన చేత్తో నీళ్లివ్వలేదు. "నువ్వియ్యే సుస్మీ" అని నాకు చెప్పి పక్కకి తప్పుకునేది.

"నీ తమ్ముడి డబ్బా గోలేటే! క్యాన్ నీలు ప్లాస్టిక్కు కంపు. మన బావియి ఒక్క గుక్క పొయ్యి" అని నాన్న మొదట్లో నవ్వుతూ అడిగాడు. తర్వాత్తర్వాత నవ్వకుండా అడిగాడు. ఆఖరిసారి మంచం మీంచి చెయ్యి చాపాడు, గుమ్మంలో చాపినట్టే. "రత్నా, ఒక్క గుక్క." నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగిపోయింది. నేను క్యాన్ నీళ్లు పట్టాను. నాన్న పెదవులు తడుపుకుని మొహం తిప్పేసుకున్నాడు. మర్నాడు పోయాడు.

మైల తీరే రోజు ఇంట్లో పాత కుండలు పారేస్తాం. ఆ కుండ విషమని, దాన్ని దూరంగా పాతిపెట్టాలని మావ మళ్లీ డబ్బాతో వచ్చాడు. కుండ పెరట్లో పగలగొట్టి పెంకుల దగ్గర డబ్బా పెట్టాడు. ఉండుండి ఒక టిక్కు, అంతే. మావ మొహం మారిపోయింది. తడక లాగేసి బావిలోంచి బకెట్టు నీళ్లు తోడి, డబ్బా దాని పక్కన పెట్టాడు. అక్కడా అంతే. వంటింట్లోకి పరిగెత్తి ఖాళీ తిన్నె మీద పెట్టాడు. డబ్బా గోల మొదలెట్టింది.

మావ అక్కడే కూలబడిపోయాడు. "టిక్కుమన్నది ఇసకే సుస్మీ. ఇసకలోది ఇసకలోనే ఉంటాది, నీల్లోకి దిగదు. మన ఒడ్డంతా ఇదే ఇసక. కుండ ఒక్కపాలి పక్కకెట్టి సూడాల్సింది." నా చెయ్యి పట్టుకున్నాడు. "అప్పకి సెప్పొద్దే."

నాకు ఒళ్లు మండింది. మొగుణ్ణి తన చేతులే చంపాయని మా అమ్మ బతికినన్నాళ్లూ కుమిలిపోవాలా? చెయ్యి విదిలించుకుని వెళ్లి చెప్పేశాను. "అమ్మా, బావిలో ఏటీ నేదు. ఉన్నదంతా ఇసకలోనే. నువ్వు పోసినవి మంచి నీలే!"

ఆ మాటతో అమ్మ మొహం తేటపడుతుందని ఆశపడ్డాను. ఎంత బుద్ధిలేనిదాన్ని!

అమ్మ నావైపు అలాగే చూసింది. "అయితే ఇయ్యొచ్చన్నమాట" అంది.

లేచి పెరట్లోకి వెళ్లింది. బావిలోంచి నీళ్లు తోడి, నాన్న తాగే చెంబు నింపింది. వంటింటి గుమ్మంలో తలవంచుకుని నిలబడిన తమ్ముడికి అందించింది. "తాగరా."

మావ చెంబు అందుకున్నాడు. "తిట్టప్పా, కొట్టు" అన్నాడు.

"తాగు."

తాగాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడు. అమ్మ చివరిదాకా చూస్తూ నిలబడింది.

"ఎలాగున్నాయి?"

"సల్లగున్నాయప్పా" అని మావ బావురుమన్నాడు.

అమ్మ ఖాళీ చెంబు తీసుకుంది. "ఒక్క గుక్కే కదరా అడిగినాడు" అంది.