ఇత్తడి ఇంజను కూత

విజయనగరంలో నగరేశ్వరరావు గిన్నెల కొట్టులో, అద్దాల పెట్టెలో, మూరెడు పొడవున ఒక ఇత్తడి రైలింజను ఉండేది. దాని ముందు ‘లండన్ నుంచి తెచ్చినది’ అని ఒక అట్టముక్క. నౌపడా చిన్నరైలును కళ్లారా చూసి వచ్చి, రేకు కత్తిరించి, మాటు వేసి అతికించి దానిని చేసినవాడు ఆ కొట్టులోనే పనిచేసి పోయిన గంగులు. పరువు కోసం లండన్ పేరు తగిలించినవాడు నగరేశ్వరరావు తండ్రి.

గంగులు కూతురు నారాయణమ్మ అదే కొట్టులో చింతపండుతో ఇత్తడి తోముతూ ముసలిదైంది. అట్టముక్క తీసేయమని అడిగినప్పుడల్లా నగరేశ్వరరావు నవ్వేసేవాడు. “లండనంటేనే జనం ఆగి సూస్తారే!”

మేడమీద కొత్త కొట్టు తెరిచే రోజుకు ఇంజనుకు దీపమూ కూతా పెట్టించాలని ఆయనకు సరదా పుట్టింది. మైకులు బాగుచేసే సుహాసిని వచ్చి అడుగు మరలు విప్పింది.

“ఒళ్లంతా ఇత్తడే పెద్దమ్మా. వైరు తగిలితే బోర్డు మాడిపోతాది,” అని పక్కనే కూర్చున్న నారాయణమ్మతో అంటూ లోపలంతా టేపు పరిచింది. ఆవగింజంత దీపాన్ని ముందు లాంతరులో ఇమిడ్చింది. “స్పీకరుకి పైన కన్నాలు కొట్టమన్నారు సావుకారు.”

“మా అయ్య సేసినదానికి కన్నాలేటే? గీత కూడా పడనిచ్చీవోడు కాడు!”

సుహాసిని కన్నాల మాట పక్కన పెట్టేసింది. అడుగు తెరిచి ఉన్న వెనుక బొగ్గుపెట్టెలో స్పీకరును బోర్లా బిగించింది. తర్వాత ఫోనులో కూతలు వినిపించింది.

“ఇది గేదె అరుపు,” అంది నారాయణమ్మ. “ఇదేటి, పెళ్లి బూరాలాగున్నాది.”

ఆపై వచ్చిన కూత సన్నగా మొదలై, నడుమ విరిగి, మళ్లీ పైకి లేచింది. ఆమె చేతిలోని గుడ్డ జారిపోయింది.

“ఇదే. మా అయ్య నోటితో ఇలాగే కూసీవోడు.”

ప్రారంభం రోజున ఊరి పెద్దలందరి ఎదుట నగరేశ్వరరావు మీట నొక్కాడు. లాంతరు పసుపుపచ్చగా కన్ను తెరిచింది. స్పీకరులోంచి ఆవిరి ఊపిరిలాంటి చప్పుడు మొదలైంది. అంతలో కూత లేచింది. ఇంజను నిలువెల్లా కంపించింది. ఆ కంపానికి అరల మీది బిందెలు, చెంబులు, కంచుపళ్లేలు వరసగా సన్నగా పలికాయి. ఇత్తడికి ఇంత గొంతు ఉన్నదని, జన్మంతా ఇత్తడిని తోమిన నారాయణమ్మకే తెలియదు. చంటిపిల్లలు సైతం ఏడుపు మానేశారు.

నగరేశ్వరరావు ముఖంలో డెబ్భై ఏళ్ల ముడతలు సడలిపోయాయి.

“ఓలమ్మా!” అన్నాడు పైకే. “గంగులు దీన్ని సేసి, మా పెరట్లో నెట్టి సూపించిన్రోజు... నోటితో అచ్చం ఇలాగే కూసినాడు!”

కొట్టంతా ఆయన వైపు తిరిగింది.

“ఏటన్నారు బాబూ?” నారాయణమ్మ ముందుకు వచ్చింది. “నలుగురికీ ఇనబడీలాగ మళ్లీ సెప్పండి.”

బిందెల మోత ఇంకా ఆగలేదు. ఆ మోత వింటూ అబద్ధమాడడానికి ఆయనకు నోరు రాలేదు. అద్దాల పెట్టెలో చెయ్యి పెట్టి అట్టముక్క బయటికి తీశాడు.

“గంగులు సేసినాడు. మా కొట్టు గంగులు.”

నారాయణమ్మ చింతపండు పులుపుకు పగిలిన వేలితో తానే మీట నొక్కింది.

“ఇప్పుడు ఇనండి,” అంది అందరితో.