మూడో అంతస్తు దిగిన పుస్తకం

పొద్దున్నే లైబ్రరీ తెరవగానే, వాపసొచ్చిన పుస్తకాల్ని తోపుడు బండ్లలో వేసుకుని ఏ అరవి ఆ అరలో పెట్టడం ఆ ఇద్దరమ్మాయిల పని. లైబ్రరీ సైన్సులో పీజీ చివరి ఏడాది, ట్రైనింగుకి వచ్చారు. ఒకర్ని అందరూ పొడుగు అనేవాళ్ళు. రెండోదాన్ని డిటెక్టివ్ అనేవాళ్ళు, టీలో చక్కెర తగ్గినా ఎవరు తీశారని ఆరా తీసే రకం గనుక.

ఆ లైబ్రరీలో పుస్తకాలు అప్పుడప్పుడూ నడుస్తాయి. తమతో పనున్నవాళ్ళ దగ్గరికెళ్ళి నిలబడతాయి. మెట్ల మీద కాళ్ళకి అడ్డం పడతాయి, చూసుకోండని లైబ్రేరియన్ మేడమ్ మొదటిరోజే చెప్పింది.

డిటెక్టివ్ బండిలోకి వారం నుంచీ ఒకే పుస్తకం వస్తోంది. ఆసుపత్రి రికార్డులు భద్రపరచడం గురించి. మూడో అంతస్తులో పెట్టొస్తుంది, కాసేపటికి మళ్ళీ బండిలో ఉంటుంది.

నడిచొచ్చిందా, నడిపించారా? అనుమానం పొడుగు మీదికి పోయింది. లైబ్రరీలో ఖాళీ ఒక్కటే, ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. పైగా, ఆసుపత్రివాళ్ళు అమ్మ ఫైలు ఎక్కడో పడేసి, ఆమెకి పడని మందే ఎక్కించారనీ, అమ్మ ఇక ఇంటికి రాలేదనీ డిటెక్టివ్ చెప్పుకుంది పొడుగుతోనే.

"నన్ను ఆసుపత్రి రికార్డుల ఉద్యోగానికి తోలేసి, ఇక్కడ నువ్వు పాతుకుపోదామనా?" అని నిలదీసింది.

"నేను పెట్టలేదే, ఒట్టు!"

"మా అమ్మ సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు?"

పొడుగు మొహం పాలిపోయింది. "మూడో అంతస్తులో, అరల మధ్య కూర్చుని ఏడుస్తూ చెప్పావు. విన్నది నేనొక్కదాన్నేనా?"

డిటెక్టివ్ నమ్మలేదు. మధ్యాహ్నం పుస్తకాన్ని దాని చోట పెట్టి, ఎదుటి అర వెనక నక్కింది. పొడుగు రాలేదు. పుస్తకమే అంచుదాకా జరిగి, దబ్బున దూకి, మెట్లు దిగసాగింది. లావుపాటిది పాపం, ప్రతి మెట్టు దగ్గరా ఆగుతోంది. సగం దూరంలో చతికిలబడింది. డిటెక్టివ్ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఆ మెట్టు మీదే కూర్చుని తెరిచింది. లైబ్రరీ మూసేవేళకి పొడుగే వచ్చి లేపాల్సి వచ్చింది. లేపింది గానీ, రెండ్రోజులు మాట్లాడలేదు.

లైబ్రరీ ఉద్యోగం పొడుగుకే వచ్చింది. డిటెక్టివ్ ఆసుపత్రి రికార్డుల గదిలో చేరింది.

ఓరోజు నర్సు ఒక పెద్దావిడ ఫైలు తెచ్చింది.

"ఈవిడకి పడని మందులేవీ రాయలేదే?" అంది డిటెక్టివ్.

"ఏమీ లేవట."

"అలా అని ఎవరన్నారు?"

డిటెక్టివ్ లేచి, పాత బీరువాలు ఒక్కోటీ గాలించి, ఆవిడ మొదటి ఫైలు పట్టుకుని వార్డుకి పరిగెత్తింది. పడనివాటిలో ఆ మందు పేరే చూసి, అప్పటికే సిద్ధం చేసిన సూదిని డాక్టరు పక్కన పెట్టేశాడు.

ఆవిడ కోలుకుని, కూతురు భుజం పట్టుకుని ఇంటికెళ్ళింది.