మాంసం మోసిన మెడలు

హాంబర్గ్ కబేళా లోడింగు షెడ్డులో, నిలువునా చీల్చిన పంది కళేబరం కింద కూలీ ఇలియే కుప్పకూలాడు. వేళ్లు మొద్దుబారి పట్టు తప్పింది. మాంసం భుజమ్మీంచి జారి, చెవి పక్కనే సిమెంటు మీద పడింది.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "మురికంటుకుందేమో చూడండ్రా! లారీ కదలాలి!" అని అరిచాడు. మనిషి వైపు చూడనే లేదు.

కంపెనీ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. మెడ పైభాగంలో పూసల మధ్య ఖాళీ దాదాపు లేదు. ఎముకల అంచులకు ముళ్లు మొలిచాయి. ఇలియేకి ముప్పై నాలుగేళ్లు.

"వయసు వల్ల వచ్చిన అరుగుదల," అని రాసేసింది.

"తల పక్కకి వంచి ఏళ్ల తరబడి మాంసం మోస్తున్నానమ్మా. అది రాయరా?"

"నేను మెడ చూస్తాను. నీ పనితో నాకేంటి?"

పని వల్ల వచ్చిన జబ్బని రాస్తే వైద్యమూ పింఛనూ ఇవ్వాలి. వయసని రాస్తే ఇలియే మూట సర్దుకుని తన దేశం రొమేనియాకి బస్సెక్కాలి. అంతే తేడా.

మధ్యాహ్నం క్యాంటీన్లో ఈ మాట చెప్పేసరికి, అందరికంటే పాత కూలీ ఓర్ట్‌విన్ గిన్నె పక్కకు నెట్టాడు. ఆయన మెడ తిరగదు; ఒళ్లంతా తిప్పి చూస్తాడు.

"నాకూ వయసేనన్నార్రా. అప్పటికి నాకు పెళ్లి కూడా కాలేదు."

ప్యాకింగులో పనిచేసే గ్యులిజార్ బల్ల గుద్దింది. "మన మేనేజరుకి అరవై దాటాయి. ఆడపిల్ల కనిపిస్తే గిరుక్కున తిరుగుతుంది మెడ! ఆయనకి రాలేదా వయసు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఒక్కొక్కరే చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి తడుముకున్నారు.

"ఎదురు తిరిగితే గేటు బయటికి గెంటుతారు," అన్నాడు పోలండు కుర్రాడు బోగుష్. "బల్గేరియా నుంచి ఇంకో బస్సు నిండా కూలీల్ని దింపుతారు."

"దింపనీ. వాళ్లకీ మెడలున్నాయిగా. వాళ్లతోనూ మాట్లాడదాం," అన్నాడు ఓర్ట్‌విన్.

మర్నాడు ఎవరూ మాంసం భుజానికెత్తలేదు. అందరూ డాక్టరు గది ముందు నిలబడ్డారు. ప్రతి మెడకీ ఎక్స్‌రే తీయాలి. జబ్బు పక్కన చేసే పని రాయాలని పట్టుబట్టారు. మేనేజరు పోలీసుల్ని పిలిచాడు.

వాళ్లు ముందు నిలబడ్డ ఓర్ట్‌విన్‌ని కారు దాకా లాక్కుపోయారు. కారెక్కించబోతూ ఒకడు తల మీద చెయ్యేసి కిందికి అదిమాడు. మెడ వంగలేదు. ముసలాయన కేక షెడ్డంతా వినిపించింది.

"వదలండ్రా! అది వంగదు! మీరే అరగదీశారు దాన్ని!" ఇలియే గొంతు చించుకున్నాడు. వెనకున్నవాళ్లంతా అందుకున్నారు. కిటికీలో డాక్టరమ్మ తెర మూసుకుంది.

అయినా ఓర్ట్‌విన్‌ని కారులో కుక్కారు. అప్పుడు బోగుష్ నడిచివెళ్లి చక్రాల ముందు కూర్చున్నాడు.

"ఆయన్ని దింపండి. మా మెడలన్నీ రాసేదాకా ఈ కారూ కదలదు, ఆ లారీలూ కదలవు."

గ్యులిజార్ అతని పక్కన చతికిలబడింది. ఆ వెనక ఇలియే. ఆ వెనక షెడ్డు షెడ్డంతా.