టగ్‌కి తెలిసిన ఈల

ముళ్లతీగ గీరుకుంటే ఆ గాయాన్ని కుక్క చేత నాకించడం ఒటాగో కొండల్లో గొర్రెలు కాసేవాళ్ల సొంత వైద్యం. ఎవన్ మెక్‌రే తండ్రీ తాతా అలాగే చేశారు, వాళ్లకేమీ కాలేదు. ఎవన్ కూడా కోసుకుపోయిన చేతిని తన కుక్క టగ్ ముందు చాపాడు. వారం తిరక్కుండానే జ్వరం, మెదడువాపు. ఆస్పత్రి నుంచి ప్రాణాలతో వచ్చాడు గానీ వినికిడి మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు. కుక్క నోట్లోని క్రిములు పచ్చి గాయంలోంచి ఒంట్లోకి దిగాయని డాక్టరు చెప్పాడు. కుక్క తప్పేం లేదని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఎవన్ భార్య మోయిరాకి ఎక్కలేదు.

మోయిరా అలసిపోయింది. ఉప్పు అందుకోమనాలన్నా వెళ్లి అతని ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా చెప్పాలి. అతను జవాబిస్తే ఇల్లు అదిరిపోతుంది. ఈల విని గొర్రెల్ని తోలే కుక్కని చెవిటి మనిషి ఏం చేసుకుంటాడని పోరుపెట్టి, టగ్‌ని పక్క కొండ మీది కాపరి ఫెర్గస్‌కి ఇచ్చేయడానికి ఒప్పించింది. వాదించే ఓపిక ఎవన్‌కీ లేదు.

కుక్కని అప్పగించేటప్పుడు పాత యజమాని తన ఈలలన్నీ కొత్తవాడికి వినిపించాలి, అక్కడి పద్ధతి అది. ఫెర్గస్ వచ్చాక ముగ్గురూ కంచె దగ్గరికి వెళ్లారు. ఎదుటి వాలులో గొర్రెలు మేస్తున్నాయి. ఎవన్ వేళ్లు నోట్లో పెట్టి ఊదాడు. వచ్చింది ఉత్త గాలి. మళ్లీ ఊదాడు. టగ్ అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఈల పలకడం లేదని పాపం అతనికి తెలియదు.

"దీనికి కూడా నేను అక్కర్లేకుండా పోయాను," అన్నాడు.

ఫెర్గస్ తల దించుకున్నాడు. పెళ్లైన దగ్గర్నుంచీ మోయిరా వంటగది కిటికీలోంచి రోజూ విన్న ఈల అది. అది వినబడితేనే టీకి నీళ్లు పెట్టేది. ఆమే ఓ కాపరి కూతురు, ఈల వేయడం చిన్నప్పట్నుంచే వచ్చు. ఎవన్ వెనకాల నిలబడి వేళ్లు నోట్లో పెట్టుకుని అదే ఈల వేసింది. టగ్ కంచె కిందనుంచి దూరి, వాలెక్కి పరుగు తీసింది.

ఎవన్ మొహం వెలిగిపోయింది. "చూశావా?" అంటూ వెనక్కి తిరిగాడు. మోయిరా వేళ్లు ఇంకా నోట్లోనే ఉన్నాయి.

ఆమె అతని ఎదుటికి వచ్చి, ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది.

"ఫెర్గస్‌ని టీ తాగి వెళ్లమను. కుక్క ఇక్కడే ఉంటుంది."

"మరి రోజూ నాతోపాటు నువ్వూ కొండెక్కాలి."

"తెలుసు," అంది మోయిరా. ఆమె మోకాళ్లు అప్పుడే నొప్పెడుతున్నాయి.