వేరుని అడగాలి

పూతకొచ్చిన మూడో వారంలో జుల్మా మొక్కల ఆకులు పసుపెక్కడం మొదలైంది. లా తేహా పేటలో గంజాయి మొక్క లేని ఇల్లు వెతికినా దొరకదు. చట్టం ఇంటికి ఆరు మొక్కలు ఒప్పుకుంది గనక అందరూ డాబా మీద ఎండలో వేసుకుని, వేసవి పోయాక కోసుకుంటారు. జుల్మాకి అలా ఎండ కోసం కాచుకు కూర్చునే వీల్లేదు. ఇస్త్రీ చేసుకునే వెనక గదిలో నల్లగుడ్డ గుడారం నిలబెట్టి, లోపల పెద్ద దీపం వేలాడదీసి, మూల ఓ ఫ్యాన్ పెట్టి, అక్కడ నడిచలికాలమైన జూలైలో ఆ ఆరింటినీ పూయించింది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ దీపం బిగించడానికి నిచ్చెన కూడా తనే ఎక్కింది.

ఈ తొందరంతా మొగుడి కోసం. అదెమార్‌కి ఆరేళ్ళుగా వణుకుడు జబ్బు. గత రెండేళ్ళుగా మతి కూడా ఉండీ ఉడిగీ పోతోంది. ఊరి శివార్లలో మెలిల్యా దగ్గర అద్దాల షెడ్లలో ముప్పై ఏళ్ళు కార్నేషన్ పూలు పండించిన మనిషి, చొక్కా బొత్తాం పెట్టుకోలేని స్థితికి వచ్చాడు. బొత్తాం సంగతి సరే, మాతె కూడా పోసుకోలేకపోయాడు. ఎండిన సొరకాయ బుర్రలో మాతె ఆకుపొడి నింపుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుంటూ, గొట్టంతో చప్పరించడం ఆ ఊళ్ళో అందరికీ ఊపిరి తీసుకోవడంతో సమానం. తన మాతె తాను పోసుకోలేని మగాడు అక్కడ సగం చచ్చినట్టే లెక్క. జుల్మా గొట్టం నోటికి అందిస్తే అదెమార్ సిగ్గుతో గోడవైపు తిరిగేవాడు.

పోయిన వేసవిలో డాబా మీద పండినదాన్ని ఆమె నూనెలో కాచి వడగట్టింది. పొద్దున రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు నాలిక కింద వేసింది. డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, మాత్రలు మాత్రం మానొద్దన్నాడు. మూడో వారానికి అదెమార్ ఫ్లాస్కు ఎత్తి, ఒక్క బొట్టు ఒలక్కుండా తన మాతె తాను పోసుకున్నాడు. ఆ పొద్దున జుల్మా వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది.

ఇప్పుడు ఆ సీసాలో రెండు వేళ్ళ ఎత్తు నూనె మిగిలింది. పొదుపుగా వాడితే ఆగస్టు చివరిదాకా వస్తుంది. మొక్కలు కోతకి రావాలంటే ఇంకా అయిదు వారాలు పట్టాలి. ఇవి పోతే మళ్ళీ విత్తనం నుంచి మొదలెట్టాలి, అంటే నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ మొగుడు గోడవైపు తిరిగి ఉంటాడు. ఈ లెక్క ఆమె బుర్రలో పగలంతా గిరగిరా తిరుగుతూనే ఉండేది.

మొదట కింది ఆకులు రెండు పండాయి. సాగు సామాన్ల కొట్టు నడిపే దార్దోకి ఫోన్లో ఫోటో చూపించింది. గడ్డం కుర్రాడు, మంచివాడే గానీ మాటకారి. పూత సమయంలో మొక్క తన కింది ఆకుల్ని తనే తినేస్తుందనీ, అది సహజమనీ, దిగులు పడొద్దనీ చెప్పి పంపించాడు. నాలుగు రోజులకి నడిమి ఆకులూ పండాయి. అయితే మొక్కకి ఆకలేస్తోందన్నాడు, నత్రజని చాల్లేదని ఓ సీసా చేతిలో పెట్టాడు. అది పోస్తే ఆకుల అంచులు మాడాయి. అప్పుడు నీళ్ళలో పులుపు తేడా అయ్యుంటుందని రంగు మారే కాగితాలిచ్చాడు. కాగితం ఏ వంకా పెట్టలేదు. ఇక పక్కింటి ఎల్బియా సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ జన్మలో ఓ తులసిమొక్కని కూడా బతికించలేదు, అయినా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్ళెక్కువయ్యాయని తీర్పిచ్చి పోయింది.

జుల్మాకి ఒళ్ళు మండింది. వారానికి రెండుసార్లు, కొలిచి, చెంబుతో పోస్తుంటే నీళ్ళెక్కువెలా అవుతాయి. కానీ కుండీ ఎప్పుడు ఎత్తి చూసినా బరువుగానే ఉండేది. నది మీంచి వచ్చే తేమ అనుకుంది. ఓ పొద్దున కుండీ అంచు ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. దీపం వేడి అనుకుంది. మట్టి పులిసిన వాసన వేసింది, దానికేమనుకోవాలో ఆమెకి తోచలేదు.

ఇంట్లోనే వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నానే అని ఓ మధ్యాహ్నం అదెమార్‌ని చెయ్యి పట్టి గుడారం దగ్గరికి తీసుకొచ్చింది. ఆకు మడిచి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. పేనుబంక అన్నాడు. కాసేపాగి, ఇవి కార్నేషన్లు కావే అన్నాడు. బయటికి నడుస్తూ గుమ్మంలో ఆగి మాత్రం పాత గొంతుతో ఒక మాటన్నాడు.

"ఆకుని అడిగితే అబద్ధం చెబుతుంది ముసలీ. వేరుని అడగాలి."

పూతలో ఉన్న మొక్కని కుండీలోంచి ఊడదీయడానికి జుల్మాకి చేతులు రాలేదు. వేరుకి దెబ్బ తగిలితే ఉన్న పూత కూడా పోతుందని దార్దో భయపెట్టి ఉంచాడు. ఇంకో వారం చూద్దామనుకుంది.

ఆమె రోజూ ఎనిమిదింటికి రొట్టెల కొట్టుకి వెళ్ళి, దారిలో చెల్లెలింట్లో కాసేపు కూర్చుని వచ్చేది. ఆ బుధవారం వీధి చివరిదాకా పోయాక పర్సు మర్చిపోయానని వెనక్కొచ్చింది. వెనక గదిలోంచి మాటలు వినబడ్డాయి. ఎవరొచ్చారా అని తొంగి చూసింది. గుడారం తెర తీసి ఉంది. అదెమార్ ఒక చేత్తో మాతె బుర్ర, ఇంకో చేత్తో ఫ్లాస్కు పట్టుకుని, ఒక్కో కుండీలో సన్నటి ధారగా నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళమీంచి ఆవిరి లేస్తోంది. ఆ చెయ్యి ఎంత నిలకడగా ఉందంటే, ముప్పై ఏళ్ళ క్రితం అద్దాల షెడ్డులో చూసిన చెయ్యే అది.

"ఏం చేస్తున్నావ్ ముసలోడా?" అంది.

"చూడు, పాపం ఎలా వణుకుతున్నాయో. ఇంత చలిలో వీటికి చన్నీళ్ళు పోస్తే ఏం బావుంటుంది?" అన్నాడు. "వణుకంటే ఏంటో నీకు తెలీదు, నాకు తెలుసు."

ఫ్యాన్ గాలికి ఆరు మొక్కల ఆకులూ రెపరెపలాడుతున్నాయి.

జుల్మా ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడింది. నత్రజని కాదు, పులుపు కాదు, పేనుబంక కాదు. తను చుక్క చుక్కా వేసి నిలబెట్టిన చెయ్యే రోజూ పొద్దున వచ్చి మొక్కల వేళ్ళని ఉడకబెడుతోంది. మందు పనిచేయకపోతే ఆ ఫ్లాస్కు ఎత్తగలిగేవాడే కాదు. ఎవరిని తిట్టాలి? ఆమెకి నవ్వొచ్చింది.

చెప్పకుండా ఉండలేక చెప్పేసింది. ఆ నీళ్ళ వల్లే ఇవి చస్తున్నాయి, ఇవే నీ మందు, అంది. అదెమార్ మొదట నమ్మలేదు. నమ్మాక కుండీల ముందు చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను పూల మనిషిని, నేనెలా చేశానిది, ఈ చెయ్యి నరికెయ్యి అన్నాడు. భోజనాల వేళకి ఎందుకేడ్చాడో మర్చిపోయాడు గానీ దిగులు మర్చిపోలేదు. ఏదో తప్పు చేశానని తెలుసు, ఏం చేశాడో తెలీదు. సాయంత్రందాకా ఆమె వెనకే తిరుగుతూ, దేనికన్నది తెలీకుండానే క్షమించమని అడిగాడు. ఈ మాట ఇంకెప్పుడూ ఈయనతో అనకూడదని జుల్మా ఆ రోజే ఒట్టేసుకుంది. మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ ఫ్లాస్కు పట్టుకుని లేచాడు.

ఆ పైన ఆమె పడని పాట్లు లేవు. ఫ్లాస్కు దాచేసింది. ఆయన ఖాళీ బుర్ర చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర మధ్యాహ్నందాకా అలాగే కూర్చున్నాడు, చూళ్ళేక ఆమే తీసిచ్చేసింది. గది తలుపుకి గొళ్ళెం బిగించింది. ఆయన తలుపు ముందు కుర్చీ వేసుకుని, లోపల ఎవరు పోయారు, నాకెందుకు చెప్పడం లేదు అని అడగడం మొదలెట్టాడు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పోసింది. ఒక్క గుక్క పీల్చి, ఇది మాతెనా గిన్నెలు కడిగిన నీళ్ళా అని ఉమ్మేశాడు, దానికి తప్పు పట్టడానికీ లేదు. రొట్టెల కొట్టుకి వెళ్ళడం మానేసి పక్కనే కాపలా కూర్చుంది. స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో పని కానిచ్చేశాడు.

చివరికి ఫ్యాన్ ఆపేసింది. ఆకులు కదలకపోతే పోయడు కదా. నిజమే, ఆ పొద్దున తెర తీసి చూసి, ఇవాళ కుదుటపడ్డాయి అని సంతోషించాడు. జుల్మాకి ప్రాణం లేచొచ్చింది. ఆయన నాలుగు అడుగులు వేసి, గాలి వాసన చూసి, ముఖం చిట్లించాడు. పూత మీద గాలాడకపోతే బూజు పట్టి చస్తాయే, ఆమాత్రం తెలీదా అని మందలించి, తనే వంగి ఫ్యాన్ మీట నొక్కాడు. ముప్పై ఏళ్ళ పనితనం, ఎక్కడికి పోతుంది. ఆకులు వణికాయి. అయ్యో, చలి, అన్నాడు అదెమార్, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

ఆగస్టు మొదటి వారానికి ఆరింటిలో మూడు నిలువునా వాడిపోయాయి. ఆకులు నిమ్మపండు రంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలాయి. పూమొగ్గలు ముడుచుకుపోయి, గడ్డిలా తయారయ్యాయి. దార్దో వచ్చి చూసి, ఏ తెగులో నాకూ అంతు పట్టడం లేదు జుల్మా గారూ, మీ దగ్గరేం పొరపాటు లేదు, అన్నాడు. అసలు సంగతి ఆమె వాడికీ చెప్పలేదు. చెబితే ఊరంతా నవ్వుతుంది, నవ్వితే ఆయన చెవిన పడుతుంది.

ఓ ఆదివారం పొద్దున అదెమార్ నిద్ర లేచిన తీరే వేరుగా ఉంది. చొక్కా తనే తొడుక్కున్నాడు, బొత్తాలన్నీ సరైన కాజాల్లో పడ్డాయి. ఇది ఏ నెల అని అడగలేదు. మాతె పక్కన పెట్టి వెనక గదిలోకి నడిచి, గుడారం ముందు నిలబడి, వాడిపోయిన మూడింటిలో పెద్ద మొక్క వైపు కళ్ళు చికిలించి చూశాడు. జుల్మాని పాత వార్తాపత్రిక పరవమన్నాడు. ఆయనలోని పాత అద్దాల షెడ్డు యజమాని మాట్లాడుతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. నోరు మూసుకుని పరిచింది.

కాండం మొదట్లో రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కుండీ తలకిందులు చేసి, అడుగున ఒక్క చరుపు చరిచాడు. మట్టిముద్ద కాగితం మీదికి జారింది. తెల్లగా ఉండాల్సిన వేళ్ళు టీ పొడి రంగులో ఉన్నాయి. ఒకదాన్ని గోటితో పట్టి లాగాడు. పైతోలు తొడుగులా ఊడొచ్చి, లోపల దారంలాంటి ఈనె మిగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇది తెగులు కాదు," అన్నాడు. "ఉడికిపోయింది. ఎవరో వేడినీళ్ళు పోశారు. ఒక్కరోజు కాదు, రోజూ పోశారు."

జుల్మా రాలిన మట్టిని కాగితం మధ్యకి తోసింది.

"ఈ ఇంట్లో మనిద్దరమే కదా ఉంటున్నాం?"

"ఇద్దరమే."

అదెమార్ తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. ఆ కళ్ళల్లో మబ్బు లేదు, మగత లేదు. ఇంకొక్క క్షణం అలాగే ఆలోచిస్తే సమాధానం ఆయనకే తడుతుంది. తడితే ఆ ఏడుపు మళ్ళీ మొదలవుతుంది, ఈసారి తెలివిలో ఉండి ఏడుస్తాడు. జుల్మా అంతదాకా రానివ్వలేదు.

"నేనే పోశాను," అంది.

"నువ్వా? ఎందుకు?"

"చలికి వణుకుతున్నాయనుకున్నాను."

ఇంతకన్నా చిన్న తప్పుకి షెడ్డులో పనివాళ్ళని ఆ పూటే పంపించేసిన మనిషి ఆయన. ఆమె తల వంచుకుని తిట్లకి సిద్ధపడింది. అదెమార్ చేతిలో వేరు కాగితం మీద పెట్టి, మట్టి బొటనవేలితో ఆమె చెంప తుడిచాడు. అప్పటిదాకా తను ఏడుస్తున్నట్టు ఆమెకి తెలీదు.

"పిచ్చి ముసలీ," అన్నాడు. "అది ఫ్యాన్ గాలి."

ఆమె తలూపింది.

"పోన్లే, ఏడవకు. ఇంకా మూడున్నాయి, వాటిని దక్కించుకుందాం. రేపట్నుంచి వీటి నీళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముట్టుకోకు, నీకు చేత కాదు."

చెయ్యి ఏమాత్రం వణకలేదు. మట్టి దులుపుకుని, గోడ పట్టుకుని లేచి, చలిగా ఉందే, ఫ్లాస్కు నింపావా అని అడిగాడు.

జుల్మా లేదంది. నీళ్ళు కాచడానికి వంటింట్లోకి వెళ్ళింది.