ఆరడుగుల కర్ర

కర్ర మొనను కత్తితో రెండుసార్లు చెక్కి, బొటనవేలితో పదును చూసుకుని, కొలతలాయన టీచరమ్మ గేటు తీశాడు. పోయిన నెల రాయి తగిలి మొన విరిగిన దగ్గర్నుంచి రోజూ ఇలా చెక్కడం అలవాటైంది. చెక్కపేళ్ల డిపోలో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. ఇళ్లలో మొక్కల మళ్లు కొలిచి, తడి ఆరకుండా మట్టి మీద ఎన్ని గంపల పేళ్లు పరచాలో చెప్పాలి. కొలవడానికీ, నేలలో గుచ్చి తడి చూడటానికీ అదే ఆరడుగుల కర్ర. టేపు ఇస్తామంటే ముఖం చిట్లించేవాడు.

ఈమధ్య ఆయనకు కంటిమీద కునుకు లేదు. వరసగా రెండిళ్లలో పేళ్లు మిగిలిపోయాయి. ఓనరు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన్ని భయపెట్టింది. వాళ్ల నాన్న చివరి రోజుల్లో వేళ్లు లెక్కపెట్టుకుంటూ నాలుగు దగ్గర ఆగిపోయేవాడు. నిన్న భార్య మందుబిళ్లల్ని ఆయన మూడుసార్లు లెక్కపెట్టాడు. ఎందుకని ఆవిడ అడిగితే ఏదో అబద్ధం చెప్పాడు.

మడి పొడవు నాలుగు కర్రలు, వెడల్పు రెండు, మందం మూడంగుళాలు. కర్రకు ఆరడుగులు, గంపకు ఒక ఘనపుటడుగు లెక్కన డెబ్బై రెండు గంపలు. నమ్మకం చాలక మళ్లీ కొలిచాడు. మూడోసారికి టీచరమ్మ నవ్వింది.

"ఏమిటండీ, కొలిచేకొద్దీ పెరుగుతోందా నా మడి?"

"చూసుకుంటే మంచిది కదమ్మా."

"ఎర్ర రంగు వేసినవి బావుంటాయట?"

"రెండు వానలకి ఆ రంగు పోతుందమ్మా. గట్టి చెక్క పేళ్లే తీసుకోండి. పుల్లటి వాసనొస్తే మాత్రం దింపుకోకండి, మొక్కలు మాడిపోతాయి."

ఈ మాటల్లో తడబాటు లేదు. అందుకే కాస్త ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నం బండి వచ్చింది. గుప్పెడు తీసి వాసన చూశాడు. మొక్కల మొదళ్ల దగ్గర బెత్తెడు జాగా వదులుతూ కూలీల చేత పరిపించాడు. అరవై ఒకటో గంపకే మడి నిండిపోయింది. వంగి మందం చూశాడు. మూడంగుళాలు సరిగ్గా ఉంది. గేటు పక్కన ఇంకా పదకొండు గంపలున్నాయి.

అక్కడి నుంచే ఓనరుకు ఫోన్ చేశాడు.

"బాబూ, మళ్లీ మిగిలింది. నా బుర్ర చెడింది. రేపట్నించి రాను."

"అదేంటి బాబాయ్! పదకొండు గంపలకేనా?"

"మా నాన్నకీ ఇలాగే మొదలైంది బాబూ. నలుగురూ నవ్వకముందే మానేస్తాను."

కర్రను టీచరమ్మ చేతికిచ్చాడు. "నాకింక పనిలేదమ్మా. ఏ తీగకైనా ఊతంగా పాతుకోండి," అని తలవంచుకుని వెళ్లిపోయాడు.

చిక్కుడు పాదుకని ఆమె పొద్దునే కొన్న మూడు ఆరడుగుల కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి పక్కనే దీన్నీ నిలబెట్టి లోపలికి వెళ్లబోతూ ఆగింది. మళ్లీ చూసింది. వెంటనే గేటు దాకా పరుగెత్తి, "ఏవండీ, తప్పు మీది కాదండీ!" అని కేకేసింది. వీధిలో ఎవరూ లేరు.

గోడ దగ్గర మూడు కర్రలు ఒకే ఎత్తున ఉన్నాయి. నాలుగోది వాటికంటే అర అడుగు పొట్టిగా, పొద్దున చెక్కిన మొన ఇంకా తెల్లగా, నిలబడి ఉంది.